కరివేపాకు, సామర్లకోట, ఏడో నంబరు జోను

మా ఇంట్లో ఇప్పటికి మూడు కరివేపాకు మొక్కలు పోయాయి. మొదటిది వాకిట్లోనే పోయింది. అక్టోబరు నెలాఖరు, పగలు ఎండ బాగానే కాస్తున్నది కదా, ఇంకో వారం ఆగి లోపల పెడదాంలే అనుకున్నాను. ఆ వారం మధ్యలో ఒక్క రాత్రి నేల గడ్డకట్టింది. తెల్లారేసరికి ఆకులన్నీ ఉడికిన తోటకూరలా వేలాడిపోయాయి. రెండోది గరాజులో వెలుతురు చాలక, రోజుకో రెమ్మ చొప్పున రాల్చుకుంటూ జనవరిలో కట్టెపుల్ల అయింది. మూడోదాన్ని మాత్రం పసిబిడ్డలా చూసుకున్నాను. హాల్లో కిటికీ పక్కన పెట్టి, హీటరు గాలి తగలకుండా అట్టముక్క అడ్డంపెట్టి, ప్రతి ఉదయం కాఫీ తాగే వేళకు దానికో గ్లాసెడు నీళ్లు పోసేవాణ్ణి. అది ఫిబ్రవరిలో పోయింది.

ఆ శీతాకాలం అమ్మ మా దగ్గరే ఉంది. నేను కుండీకి గుచ్చిన ప్లాస్టిక్ చీటీ తీసి చూపించి, "ఇదిగో, ఇది తొమ్మిదో జోనునుంచి పన్నెండో జోనుదాకా బతికే మొక్కట. మనది ఏడో జోను. మన తప్పేం లేదు" అన్నాను. అమ్మ చీటీ వంక చూడనైనా చూడలేదు. కుండీలో వేలు పెట్టి, మట్టి తీసి వాసన చూసి, "నంబరు కాదురా, నీళ్లు. చలికాలం అది పడుకుంటుంది. పడుకున్నవాడి నోట్లో అన్నం కుక్కితే ఏమవుతుంది?" అంది.

కుండీ బోర్లిస్తే వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. అమ్మ మాటే నిజం. అయినా నాకా నంబరు మీద మోజు పోలేదు. పోకపోగా, అసలీ నంబరు ఎవరు పెట్టారు, ఏం చూసి పెట్టారు అన్న ప్రశ్న పట్టుకుంది. అమెరికాలో మొక్కలు పెంచే తెలుగువాళ్లందరికీ (మన మిత్రుల్లో సగంమంది ఉంటారనుకుంటాను) ఈ నంబరు ఇంటి పిన్‌కోడంత పరిచయం. నర్సరీలో ప్రతి చీటీమీదా ఉంటుంది. దాని చరిత్ర వెతుక్కుంటూ పోయిన నేను చివరికి మా ఊరి రైలుస్టేషనులో తేలాను. ఆ కథే ఈ టపా.

*

బోస్టను పొలిమేరల్లో ఆర్నాల్డ్ ఆర్బొరేటం అని హార్వర్డ్ విశ్వవిద్యాలయంవారి వృక్షవనం ఒకటి ఉంది. అక్కడ ఆల్ఫ్రెడ్ రేడర్ అనే జర్మనుడు పనిచేసేవాడు. సాక్సనీలో 1863లో పుట్టాడు, తోటమాలి కొడుకు. విశ్వవిద్యాలయపు గడప తొక్కినవాడు కాడు. 1898లో అమెరికా వచ్చి, ఆ వనంలో చేరి, తన కాలపు వృక్షశాస్త్రజ్ఞుల్లో అగ్రగణ్యుడయ్యాడు. ఉత్తర అమెరికా చలికి తట్టుకోగల చెట్లూ పొదలూ ఏవేవో వివరిస్తూ 1927లో ఒక ఉద్గ్రంథం వెలువరించాడు. ఆ పుస్తకంలో ఒక పటం ఉంది. అమెరికాను, కెనడా దక్షిణ భాగాన్ని ఎనిమిది పట్టీలుగా విడగొట్టి, ఒక్కో చెట్టు ఏ పట్టీదాకా బతుకుతుందో పేరు పక్కన అంకె వేశాడు. అతను చూసిన కొలత, ఏడాదిలో అతి చల్లని నెల సగటు ఉష్ణోగ్రత. ఈనాటి జోను నంబర్లకు మూలపురుషుడు ఇతనే.

ఆ వనంలోనే పనిచేసిన డొనాల్డ్ వైమన్ 1938లో మరో పటం వేశాడు. నెల సగటు చెట్టును చంపదు, ఒక్క రాత్రి చంపుతుంది అన్నది వైమన్ పటం వెనకున్న ఆలోచన. కాబట్టి ఏటా అతి చల్లని రాత్రి ఎంత చల్లనైందో తీసుకుని, నలభయ్యేళ్ల లెక్కల సగటు కట్టాడు. (నా మొదటి కరివేపాకు ఈ సూత్రానికి సాక్ష్యం చెప్పగలదు.) కొలత సరైనదే కానీ పట్టీల వెడల్పు సమానంగా లేదు, ఒకటి అయిదు డిగ్రీల ఫారన్‌హీటు, ఒకటి పది, ఇంకొకటి పదిహేను.

1960లో అమెరికా వ్యవసాయశాఖ రంగంలోకి దిగింది. వాషింగ్టనులోని జాతీయ వృక్షవనం అధిపతి హెన్రీ స్కిన్నర్ ఆధ్వర్యంలో, ప్రతి జోనూ సరిగ్గా పది డిగ్రీల వెడల్పుతో కొత్త పటం తయారైంది. చక్కని పనే. ఇబ్బందల్లా బోస్టనువారి పటం కూడా చెలామణిలోనే ఉండటం. ఒకరి అయిదో జోను సున్నాకు దిగువన 5 నుంచి 10 డిగ్రీలు. మరొకరి అయిదో జోను సున్నాకు దిగువన 10 నుంచి 20. అంకె ఒకటే, చలి వేరు. మన తిథుల తగాదాలో ఏకాదశి నిన్నా ఇవాళా అని ఇద్దరు సిద్ధాంతులు వాదించుకున్నట్టుగా, ఏ పటం ప్రకారమో చెప్పకుండా అంకె వేసిన నర్సరీ జాబితాలను నమ్మి ఎందరు చెట్లు పోగొట్టుకున్నారో!

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాను. 1990లో వ్యవసాయశాఖ పటాన్ని తిరిగి గీశారు. ఒక్కో జోనును ఎ, బి అని రెండు ముక్కలు చేశారు. అందుకు తీసుకున్న లెక్కలు 1974 నుంచి 1986 వరకు, అంటే పదమూడేళ్లవే. ఆ ఏళ్లలో చలి గట్టిగా పడటంతో చాలా ఊళ్లు అంతకుముందుకన్నా చల్లని జోనుల్లోకి జరిగాయి. 2012 పటానికి 1976 నుంచి 2005 దాకా ముప్ఫయ్యేళ్ల లెక్కలు, 2023 పటానికి 1991 నుంచి 2020 దాకా లెక్కలు వాడారు. ఈ చివరి పటానికి 13,412 వాతావరణ కేంద్రాల నుంచి సమాచారం వచ్చింది. దేశంలో ఇంచుమించు సగభాగం అరజోను వెచ్చదనంలోకి జరిగింది. మా ఊరు కూడా 6బి నుంచి 7ఎ కి 'ప్రమోషన్' పొందింది. నేనా రోజు మిఠాయి పంచిపెట్టానంటే నమ్ముతారా? ఆ ఉత్సాహంలో కొన్నదే మూడో మొక్క.

7ఎ అంటే, ఏడాది మొత్తంలో అతి చల్లని రాత్రి సగటున 0 నుంచి 5 డిగ్రీల ఫారన్‌హీటు మధ్య ఉంటుందని అర్థం. మన సెల్సియస్‌లో సున్నాకు దిగువన 15 నుంచి 18. అంతే. ఆ అంకెలో ఇంకేమీ లేదు. వాన లేదు, ఎండ లేదు, మట్టి లేదు, గాలి లేదు. ఆ చలి ఎన్ని రోజులుంటుందన్నది కూడా లేదు.

పోనీ చలి సంగతైనా పూర్తిగా చెబుతుందా? అదీ సగటు మాత్రమే. ఆస్టిన్ మిత్రులకు 2021 ఫిబ్రవరి గుర్తుండే ఉంటుంది. ఏళ్ల తరబడి నిశ్చింతగా పెరిగిన నిమ్మచెట్లూ కరివేపచెట్లూ ఆ ఒక్క వారంలో నేలమట్టమయ్యాయి. ఇంకొకటి, ఈ నంబరు నేలలో నాటిన మొక్కకు. కుండీలో మొక్కకు నాలుగు వైపులా చలి తగులుతుంది కనుక వేళ్లు ముందు గడ్డకడతాయి. అందుకే కుండీమొక్క బయట శీతాకాలం గడపాలంటే మన జోనుకన్నా రెండు జోనులు ఎక్కువ చలి ఓర్చేదై ఉండాలని ఇక్కడి అనుభవజ్ఞుల లెక్క. ఇక బెండ, గోంగూర, దోస, బచ్చలివంటి ఒక్క వేసవి పంటలకు ఈ నంబరుతో పనే లేదు. వాటికి కావలసింది వసంతంలో చివరి మంచు నుంచి శరత్తులో తొలి మంచు దాకా ఉండే రోజుల లెక్క. ఇది తెలియక మొదటి ఏడాది నేను బెండగింజల పొట్లం మీద జోను నంబరు వెతికాను.

ఆస్టిన్ అన్నాను కాబట్టి ఇంకొక మాట. 2012 పటంలో ఆస్టిన్‌దీ సియాటిల్‌దీ ఒకటే జోను, 8బి. 2023లో రెండూ కలిసే 9ఎ లోకి జరిగాయి. రెండు చోట్లా మనవాళ్లు దండిగా ఉన్నారు, అడిగి చూడండి. ఆస్టిన్‌లో వేసవి వచ్చిందంటే వారాల తరబడి 100 డిగ్రీల పైన. ఉదయం నీళ్లు పోస్తే మధ్యాహ్నానికి మట్టి పగులుతుంది. సియాటిల్‌లో జులైలో కూడా సాయంత్రానికి చొక్కామీద చొక్కా వేసుకోవాలి. వానంతా శీతాకాలంలో పడుతుంది, వేసవి పొడి. ఆస్టిన్‌లో గోంగూర నడుమెత్తు పెరుగుతుంది. సియాటిల్‌లో అదే విత్తనం జానెడు లేచి, ముడుచుకుని కూర్చుంటుంది. అటు సియాటిల్‌లో కళ్లు చెదిరేలా పూసే రోడోడెండ్రాను ఆస్టిన్ సున్నపు మట్టిలో ఒక్క వేసవి దాటదు. చలిరాత్రి ఒకటైనంత మాత్రాన ఊళ్లు ఒకటి కావు.

ఈ లోపం పటం వేసినవారికి తెలియనిది కాదు. 1990 పటానికి సారథ్యం వహించిన హెన్రీ మార్క్ కేథీయే తర్వాత 1997లో అమెరికన్ హార్టికల్చరల్ సొసైటీ తరఫున వేడిమి పటం ఒకటి వేయించాడు. ఏడాదిలో ఎన్ని రోజులు 86 డిగ్రీలు (30 సెల్సియస్) దాటుతుందో లెక్కగట్టి పన్నెండు మండలాలు చేశారు. పడమటి రాష్ట్రాలవారైతే అంతకు చాలా ముందే, 1950లలో, సన్‌సెట్ పత్రికవారి పుస్తకంలో చలి, వేడి, సముద్రపు గాలి, కొండల ఎత్తు అన్నీ కలిపి సొంత మండలాలు గీసుకున్నారు. అయినా నర్సరీ చీటీమీద స్థిరపడింది మాత్రం చలి నంబరు ఒక్కటే. ఎందుకంటే ఆ ప్రశ్న మొదట వేసింది బోస్టనులో. అక్కడ చెట్టును చంపేది చలి. ప్రశ్న ఎక్కడ పుట్టిందో సమాధానం అక్కడి వాసన వేస్తుంది.

మరి ఆ ప్రశ్న మన వైపు పుట్టి ఉంటే?

*

పుట్టింది. ఆ సంగతి నాకు తెలిసిన తీరు విచిత్రం. మూడో మొక్క పోయాక కూడా ఆ చీటీ నా బల్లమీద పడి ఉంది. దానిమీద కరివేపాకు లాటిన్ పేరు 'మురయా కొయెనిగీ' అని రాసి ఉంది. (ఈమధ్య వృక్షశాస్త్రజ్ఞులు మళ్లీ పాత పేరుకు పోయి 'బెర్గెరా కొయెనిగీ' అంటున్నారు; ఇంటిపేరు మారింది గానీ రెండో పేరు మారలేదు.) ఈ కొయెనిగ్ ఎవరా అని చూశాను.

యోహాన్ గెర్హార్డ్ కొయెనిగ్. 1728లో బాల్టిక్ తీరపు లివోనియాలో పుట్టాడు. మొక్కలకు జంటపేర్లు పెట్టే పద్ధతి నెలకొల్పిన లిన్నేయస్‌కు స్వయానా శిష్యుడు. 1768లో తరంగంబాడిలోని డేనిష్ స్థావరానికి వైద్యుడుగా వచ్చాడు. తర్వాత ఆర్కాటు నవాబు కొలువులో, 1778 నుంచి మద్రాసులో ఈస్టిండియా కంపెనీ కొలువులో ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా ఉన్నాడు. అతను సేకరించి పంపిన మొక్కల్లో ఒకదానికి గురువు శిష్యుడి పేరు పెట్టాడు. అదీ మన కరివేపాకు. ఇంతవరకూ బాగానే ఉంది. చివరి వాక్యం చదివి నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. అతను 1785 జూన్ 26న కాకినాడ పక్కన జగన్నాథపురంలో విరేచనాల వ్యాధితో చనిపోయాడు. దగ్గరుండి వైద్యం చేసినవాడు సామర్లకోటలో ఉండే విలియం రాక్స్‌బర్గ్.

మాది సామర్లకోట. భీమేశ్వరుడి గుడి, రైల్వే జంక్షను, పంచదార ఫ్యాక్టరీ. ఈ మూడూ తప్ప మా ఊరికి ఇంకో చరిత్ర ఉందని బళ్లో ఎవరూ చెప్పలేదు. జగన్నాథపురం వంతెన మీదుగా ఎన్నిసార్లు సైకిలు తొక్కానో లెక్కలేదు. నా వంటింటి పోపులో పడే ఆకు పేరింటివాడు అక్కడ కన్నుమూశాడని న్యూజెర్సీలో చచ్చిన మొక్క చీటీ చెప్పాల్సివచ్చింది.

రాక్స్‌బర్గ్ స్కాట్లండువాడు, కంపెనీ సైన్యానికి వైద్యుడు. 1776లో మద్రాసులో దిగాడు. దిగిన నాటినుంచీ అతనికొక వ్యసనం ఉంది. రోజుకు మూడుసార్లు ఉష్ణోగ్రత, గాలి ఒత్తిడి కొలిచి దినచర్యలో రాసుకోవడం. ఆ లెక్కలు లండనులో రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. 1781లో సామర్లకోట దండుకు బదిలీ అయి వచ్చాక విశాలమైన భూమి సంపాదించి తోట వేశాడు. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క, జాజికాయ, సీమపనస, మల్బరీ, బుక్కపు చెక్క: ఏది దొరికితే అది నాటి చూశాడు. మనవాళ్లయిన చిత్రకారులను పెట్టుకుని మొక్కల బొమ్మలు వేయించాడు. 1790 నాటికే అవి ఏడువందలు. వాటిలోంచి ఏరినవే 1795 నుంచి 'కోరమాండల్ తీరపు మొక్కలు' అనే మహాగ్రంథంగా వెలువడ్డాయి. మొక్కల పక్కన తెలుగు పేర్లు, 'తెలింగ' పేర్లంటూ, శ్రద్ధగా నమోదుచేశాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్రోద్యానానికి అధిపతిగా వెళ్లేదాకా ఆ పన్నెండేళ్లూ సామర్లకోటలో జరిగినదంతా ఒక్క ప్రశ్నకు జవాబు వెతకడమే. ఈ నేలలో ఈ గాలిలో ఏది బతుకుతుంది?

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆయనకు జీతమిచ్చిన కంపెనీకి మన తోటలమీద ప్రేమేమీ లేదు. మలబారు మిరియాలు డచ్చివారితోనూ మైసూరువారితోనూ పోటీపడకుండా తమ సొంత సర్కారు జిల్లాల్లోనే పండితే లాభం కదా అన్నదే లెక్క. రాక్స్‌బర్గ్‌కు రాజమండ్రి, సామర్లకోటలకు ఉత్తరాన ఉన్న కొండల్లో అడవి మిరియపు తీగ కనిపించింది. కొండమీద తనంతట తాను పెరిగేది కింద మళ్లలో ఎందుకు పెరగదు? వేల తీగలతో తోట వేయించాడు. ఆశించిన కాపు రాలేదు. ఆ అడవి తీగలో మగ పువ్వుల మొక్కలు, ఆడ పువ్వుల మొక్కలు, రెండూ కలిసినవి వేరువేరుగా ఉంటాయని గమనించి 'మూడిళ్లది' అని అర్థం వచ్చే 'పైపర్ ట్రయోయికం' అనే పేరు పెట్టాడు. పంటగా అది వృద్ధికాలేదు. ఆయన కలకత్తా వెళ్లాక తోట బెంజమిన్ హైన్ చేతికి వచ్చింది. మిరియాల కల తీరలేదు.

ఎందుకు తీరలేదన్నదానికి మూడిళ్ల సంగతి ఒక కారణం. రెండోది నా ఆలోచన, ఊరివాడిగా చెబుతున్నాను. మలబారులో వాన ఏడాదికి మూడు మీటర్లకు అటూ ఇటూ. జూన్‌లో మొదలైతే నెలల తరబడి గాలిలో తేమ ఆరదు. మా వైపు వాన మీటరుకు కాస్త ఎక్కువ. అందులో కొంత భాగం దసరా దీపావళుల మధ్య వాయుగుండాలతో ఒక్కసారిగా కురిసి పోతుంది. ఫిబ్రవరి నుంచి మే చివర దాకా చినుకుండదు. రోహిణీకార్తెలో మా పెరట్లో ఇత్తడి చెంబు ముట్టుకుంటే కాలేది. నీడనూ తడినీ నమ్ముకున్న కొండతీగకు అది ఎడారి. చలి నంబరు చూస్తే మలబారుకూ మా ఊరికీ తేడా పెద్దగా ఉండదు. రెండు చోట్లా ఏ రాత్రీ నీరు గడ్డకట్టదు. మిరియాలను ఆపింది చలి కాదు, నాలుగు నెలల ఎండిన గాలి.

విచిత్రమేమిటంటే సామర్లకోటకు వంద మైళ్ల లోపే, పాడేరు, అరకు కొండల మీద, ఈనాడు మిరియపు తీగలు సిల్వర్ఓక్ చెట్లకు చక్కగా అల్లుకుని కాస్తున్నాయి. వాటి నీడలోనే కాఫీ. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో నాటి చూసిన ఆ రెండు మొక్కలూ అక్కడ జంటగా గిరిజన రైతులకు జీవనాధారమయ్యాయి. కాఫీ ఆ కొండలకు చేరింది 1898 ప్రాంతంలో, పాములేరు లోయ దారిన. మొక్కలు ఎన్నుకోవడంలో ఆయన తప్పలేదు. తొమ్మిదివందల మీటర్ల ఎత్తు తక్కువైంది, అంతే.

కొబ్బరి విషయంలో మాత్రం ఆయన చూపు గురితప్పలేదు. 1789 నుంచి మూడు నాలుగేళ్లపాటు సర్కారు జిల్లాల్లో వానలు ముఖం చాటేశాయి, ఘోరమైన కరువు వచ్చింది. రాక్స్‌బర్గ్ తన దినచర్యలోని లెక్కలు తిరగేశాడు. పిఠాపురం రాజుల ఇంటినుంచి వంద ఏళ్లనాటి, 1680ల నాటి, కరువు సమాచారం కూడా సేకరించాడు. వాన తప్పడం ఈ నేలకు అప్పుడప్పుడు తిరిగివచ్చే జబ్బు, దాన్ని లెక్కలోకి తీసుకునే చెట్లు నాటాలి అన్నాడు. కాలువగట్ల మీదా చెరువుగట్ల మీదా కొబ్బరి, పనస, అరటి, సీమపనస వంటివి పెంచితే వరి పోయిన ఏడాది జనానికి తిండి దొరుకుతుందని కంపెనీవారికి సలహా రాశాడు. ఆ సలహా అప్పుడే అమలైందని కాదు. కానీ 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో డెల్టాకు కాలువలు వచ్చాక, కోనసీమలో కాలువగట్టు వెంబడి నిలబడ్డ చెట్టేదో మీకు తెలిసిందే.

అక్కడైనా శత్రువు లేడని కాదు. 1787 మే నెల ఉప్పెనలో కోరంగి తీరం మునిగి వేలమంది పోయారు. రాక్స్‌బర్గ్ పుస్తకాలూ సేకరించిన మొక్కలూ నీళ్లపాలయ్యాయి. 1996 నవంబరు 6 రాత్రి తుపానులో కోనసీమలో లక్షలాది కొబ్బరిచెట్లు కూలాయి. మర్నాడు మా మేనమామ తోటలో నిలబడి ఉన్నవాటిని వేళ్లమీద లెక్కపెట్టాను. ఆయన ఏడవలేదు. తలలు విరగని చెట్లకు ఎర్రగుడ్డ పీలికలు కట్టుకుంటూ పోయాడు.

*

అమెరికావారి కొలబద్దతో కొలిస్తే అమలాపురమూ అనంతపురమూ ఇంచుమించు ఒకటే జోను అవుతాయి, పన్నెండు. ఒకచోట కాలువలు, మీటరుకు పైబడిన వాన, కొబ్బరి, అరటి, పనస. మరోచోట 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన, వేరుశనగ, చీనీ, రేగు, సీతాఫలం. రెంటినీ ఒకే అంకె కింద పెట్టే పటం మనకెందుకు? మన వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను మండలాలుగా విభజించినప్పుడు వానా మట్టీ పంటా చూసి విభజించారు. కర్నూలు, అనంతపురాలున్న మండలానికి పేరే అల్పవర్షపాత మండలం. ఒక్క ఎత్తైన గిరిజన ప్రాంతపు మండలంలోనే చలికి కాస్త పాత్ర ఉంది. లంబసింగి వెళ్లినవారికి ఎందుకో చెప్పక్కర్లేదు.

ఈ చూపు కొత్తదీ కాదు. సుమారు వెయ్యేళ్లనాటి సురపాలుడి వృక్షాయుర్వేదం భూమిని మూడు రకాలు చేసింది: జాంగలం, ఆనూపం, సాధారణం. అంటే మెట్ట, తడినేల, రెంటికీ మధ్యది. పనస, అరటి, కొబ్బరి, మొగలి ఆనూపానికి. మునగ, మారేడు, జమ్మి, వేప జాంగలానికి. మామిడి, దానిమ్మ, సంపెంగ సాధారణానికి. ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న రాతప్రతిని సంపాదించి, నళినీ సాధలే ఆంగ్లానువాదంతో 1996లో ప్రచురించింది సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్. పుస్తకంలోని చాలా చిట్కాలు (పాలు పోయడం, మాంసరసం పోయడం) ఈనాడు నేను చెయ్యను. ఈ మూడు నేలల విభజన మాత్రం మా తాతగారు విని ఉంటే తల ఊపేవారు. ఆయన కార్తెలతో ఏడాదిని ఇరవైయేడు ముక్కలు చేసుకుని, ఏ ముక్కలో ఏ గింజ వెయ్యాలో నిర్ణయించేవారు. రేడర్ దేశాన్ని ముక్కలు చేశాడు, తాతగారు కాలాన్ని ముక్కలు చేశారు. బోస్టనువాడికి ఎక్కడ అన్నది సమస్య. సామర్లకోటవాడికి ఎప్పుడు అన్నది సమస్య.

అలాగని పటాన్ని చెత్తబుట్టలో వెయ్యమనడం లేదు. ఇక్కడ నేలలో చెట్టు నాటేటప్పుడు నేను మొదట చూసేది ఆ అంకెనే. అంజూరం కొన్నప్పుడు చలి ఓర్చే రకమని అంకె చూసే కొన్నాను. దక్షిణపు గోడవారన ఆరేళ్లుగా కాస్తున్నది. మల్లె కొన్నప్పుడూ చూశాను. అది కుండీలో ఉండవలసినదేనని తెలిసి ఆశ వదులుకున్నాను. ఆ అంకె ఒక్క గుమ్మం దగ్గరే కాపలా కాస్తుంది. మిగతా గుమ్మాల సంగతి మనం చూసుకోవాలి.

అమ్మ తిరుగు ప్రయాణానికి ముందు, ఏప్రిల్‌లో, నాలుగో మొక్క కొన్నాను. దూరపు రాష్ట్రం నుంచి తెప్పిద్దామంటే కుదరలేదు. కరివేపాకు నిమ్మ కుటుంబానిది, నిమ్మతోటల తెగులు మోసే పురుగు దానిమీద చేరుతుంది కనుక కొన్ని రాష్ట్రాల నుంచి మొక్కను బయటికి పంపడం నిషేధం. ఇక్కడే ఒక తెలుగువారింట్లో పిలక దొరికింది. అమ్మే కుండీ మార్చింది. కింద చిల్లులు చాలవని మేకు కాల్చి ఇంకో నాలుగు పొడిచింది, మట్టిలో మూడోవంతు ఇసుక కలిపించింది. మే నెల మధ్యదాకా బయట పెట్టనివ్వలేదు. పెట్టాక మొదటి వారం నీడలోనే ఉంచమంది. సెప్టెంబరు చివర రాత్రులు 50 డిగ్రీలకు దిగడం మొదలవగానే లోపలికి తెచ్చాను. నవంబరునుంచి నీళ్లు పదిహేను రోజులకొకసారి, అదీ వేలు రెండు కణుపుల లోతు పెట్టి పొడిగా ఉంటేనే.

జనవరిలో ఆకంతా రాల్చేసింది. భయపడి అమ్మకు ఫోను చేశాను. సామర్లకోటలో అప్పుడు ఉదయం. వెనక స్టేషను మైకు వినిపిస్తున్నది.

"కొమ్మ గీరి చూశావా?"

"చూశాను. లోపల పచ్చగానే ఉంది."

"అయితే నీళ్లు పొయ్యకు," అని పెట్టేసింది.

మార్చి రెండో వారంలో మూడు చోట్ల ఎర్రటి చివుళ్లు కనిపించాయి. ఇంకా పోపులోకి కోయలేదు.